రెండు గోడల నడుమ తడి

పోయిన వారం టైలరమ్మని గోడ ముందు గొంతుక్కూర్చోబెట్టి వదిలేశాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి, మళ్ళీ ఆమె దగ్గరికి వెళ్దాం.

ఒకే ఇల్లు, ఇద్దరు అన్నదమ్ములు. పంచుకునే వేళ మధ్యలో ఒక్క గోడ కట్టుకుంటే సరిపోయేది. "ఆ గోడ నా జాగాలో ఎందుకు పడాలి?" అని అన్న, "నా జాగాలో మాత్రం ఎందుకు పడాలి?" అని తమ్ముడు భీష్మించుకున్నారు. మేస్త్రీ ఇద్దరికీ దణ్ణం పెట్టి ఇద్దరికీ చెరో గోడ కట్టి పోయాడు. రెండు గోడల నడుమ జానెడు సందు మిగిలింది. ఆ సందు ఎవరిదీ కాదు. అందులో మనిషి పట్టడు, చీపురు దూరదు, ఎండ పడదు. వీధి వీధంతా వాళ్ళకి రెండు గోడలవాళ్ళని పేరు పెట్టేసింది.

అన్న బస్సు డిపోలో టైమ్‌కీపరు. తమ్ముడు పైపుల కొట్లో గుమాస్తా. ఆ తమ్ముడి భార్యే మన టైలరమ్మ. ఆమె కుట్టుపనంతా ముందుగదిలో, ఆ కొత్త గోడ పక్కనే. రెండు వానాకాలాలుగా ఆ గోడకి బూజు. తుడిస్తే పోతుంది, మళ్ళీ వస్తుంది. కిందటి నెల ఆస్పత్రి నర్సుల తెల్లకోట్లు కుట్టి ఇస్తే, నల్లటి చుక్కలు పడ్డాయని మూటకి మూట వెనక్కి వచ్చింది. ఆమె వాటిని మళ్ళీ ఉతికి, డాబా మీది స్నానాలగదిలో నీలిమందు కలిపి ముంచి, ఆ నీళ్ళు అక్కడే పారబోసి, ఆరేసింది. కిందికి వచ్చి చూస్తే గోడ అడుగున, బూజు నలుపులో, దారమంత నీలిగీత.

అక్కడ ఆపాం.

టైలరమ్మ ఆ గీతని వేలితో తాకింది. వేలికొస నీలంగా మారింది. పక్కనే ఇంకోచోట అద్దింది. అక్కడా నీలమే. కోట్లు పచ్చబడ్డాయని మందు కాస్త చెయ్యి జారవిడిచి కలిపింది కాబట్టి ఆ రంగుని ఆమె ఎక్కడున్నా గుర్తుపట్టగలదు.

వాన నీళ్ళు, వాన నీళ్ళు అని ఇన్నాళ్ళూ అందరూ అన్నారు. "రెండు గోడల మధ్య వాన పడుతుంది, తడి తాగుతుంది, దానికేం చేస్తాం?" అని ఆమె భర్త అన్నాడు. ఎదురింటావిడ వచ్చి ముక్కు మూసుకుని "గాలాడదమ్మా మీ ఇంట్లో, తలుపులు తీసి పెట్టుకోవాలి" అంది, ఏదో తలుపులు బిడాయించుకుని కాపురం చేస్తున్నట్టు. రంగులవాడు వచ్చి మందమైన రంగు పూసి పోయాడు. ఆ రంగు లోపల తడి ఉబ్బి, అప్పడంలా పొంగి, పెచ్చులు పెచ్చులుగా రాలింది. దాని కింద బూజు అంతకుముందుకన్నా ఒత్తుగా ఉంది.

బూజు తుడవడం ఆమె చాలా నష్టపడి నేర్చుకుంది. మొదటి ఏడాది తెలియక పొడి చీపురుతో దులిపింది. ఆ నల్లటి పొడి గదంతా ఎగిరి, కత్తిరించి పెట్టుకున్న గుడ్డల మీద వాలి, వారం తిరిగేసరికి వాటి మీదా మొలిచింది. ఇప్పుడు అలా చెయ్యదు. ముందు బట్టలన్నీ వెనకగదిలోకి చేరవేస్తుంది. ముక్కుకీ నోటికీ తడిగుడ్డ కట్టుకుంటుంది. చేతులకి రబ్బరు తొడుగులు. గోడని సబ్బునీళ్ళతో తడిపి, మెత్తబడ్డాక గీకి, ఆ గీకిన ముద్దని కాగితంలో ఎత్తి పారేస్తుంది. ఆ తర్వాత బ్లీచింగ్ పౌడర్ నీళ్ళలో కలిపి, తేరుకున్నాక పైనీళ్ళు వంచి, వాటితో గోడ తుడిచి, కాసేపు వదిలేసి, మళ్ళీ మంచినీళ్ళతో తుడుస్తుంది. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం ఆ చుట్టుపక్కలకి రానివ్వదు. ఒకసారి రెండూ కలిసి కళ్ళు మండి, ఊపిరి అందక వీధిలోకి పరిగెత్తింది. అంతా అయ్యాక కిటికీలు తెరిచి గోడకి ఎదురుగా ఫ్యాను పెడుతుంది. బీరువా గోడకి ఆనకుండా ఎడంగా జరిపి పెట్టుకుంది. బట్టలు గోడవైపు కాకుండా గది నడుమ తాడుకి వేలాడదీసింది. ఆదివారం వస్తే చాలు, ఆమెకి ఇదే పని.

ఇంతా చేస్తే పదిరోజులు తెల్లగా ఉండేది గోడ. తర్వాత ఒక మూల చిన్న మచ్చ తేలేది. "తడి ఎక్కడినుంచి వస్తుందో అది ఆపితే గానీ ఇది ఆగదు" అని ఆమె భర్తతో ఎన్నోసార్లు అంది. ఆయన ఊఁ కొట్టేవాడు.

ఇప్పుడు వేలికొస మీద ఆ తడి ఎక్కడిదో రాసిపెట్టినట్టు ఉంది.

ఆమె లేచింది. మోకాళ్ళు పట్టేసినా ఆగలేదు. ట్రయలు గదిలో ఆడవాళ్ళు వీపు చూసుకోవడానికి ఉంచిన చేతి అద్దం తీసుకుని డాబా ఎక్కింది. రాత్రి కురిసిన వాన వెలిసి, ఎండ కొడుతోంది. తాడు మీద నర్సుల కోట్లు చేతులు చాచి వరసగా ఊగుతున్నాయి.

స్నానాలగది నీళ్ళు పోవడానికి వెనకగోడ మీదుగా పెరటి కాలవలోకి పైపు దించానని ఆమె భర్తే చెప్పాడు. పైపు అక్కడే ఉంది. కొత్తదానిలా మెరుస్తోంది. టైలరమ్మ దాన్ని వేలి మెటికతో కొట్టింది. ఖణేల్‌మంది. ఆమె స్నానాలగదిలోకి వెళ్ళి నిండు బకెట్టు కుమ్మరించి, పరుగున వచ్చి ఆ పైపుకి చెవి ఆనించింది. ఏమీ లేదు. పైపు లోపల పొడి నిశ్శబ్దం.

నీళ్ళ చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఆమె వెనకనుంచి. పిట్టగోడ అవతలనుంచి.

ఆమె పిట్టగోడ మీద పొట్ట ఆనించి సందులోకి వంగింది. లోపల చీకటి. అద్దం తిప్పి ఎండని పట్టి సందులోకి వదిలింది. ఆ వెలుగు ముక్క కిందికి జారుతూ జారుతూ, స్లాబు కింద దాక్కుని ఉన్న ఒక బూడిదరంగు పైపు వంపు మీద ఆగింది. దాని మూతినుంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి. రెండు గోడలూ పైనుంచి కిందిదాకా నల్లటి మఖమల్ గుడ్డ కప్పుకున్నట్టు ఉన్నాయి. అంత చక్కటి మఖమల్ ఆమె తన జన్మలో కుట్టలేదు.

ఆమెకి నవ్వొచ్చింది.

కిందికి వచ్చేసరికి ఆయన వెనకగదిలో మంచం మీద, ముఖం మీద పేపరు కప్పుకుని పడుకుని ఉన్నాడు. ఆమె పేపరు లాగేసింది.

"లేవండి."

"ఆదివారం కూడా కునుకు తియ్యనివ్వవా తల్లీ?"

"వెనకగోడకి దించిన పైపు ఎందుకలా మోగుతోంది?"

"పైపన్నాక మోగదా? కొడితే నువ్వూ మోగుతావు."

"సరసం తర్వాత. బకెట్టు నీళ్ళు పోశాను. ఆ పైపులోకి చుక్క రాలేదు. సందులో పడ్డాయి."

ఆయన లేచి కూర్చున్నాడు. పేపరు అందుకుని, అంచులు కలిపి, నాలుగు మడతలు పెట్టాడు. తప్పు సైజు పైపు అంటగట్టామని కొట్లో ఎవరైనా తిరిగొచ్చి నిలదీసినప్పుడు కూడా ఆయన ఇలాగే దగ్గర్లో ఉన్న కాగితం ఏదో ఒకటి తీసుకుని మడతలు పెడతాడు. ఆమె చూసింది.

"సందులో వాన నీళ్ళు పడుతూనే ఉంటాయిగా..."

"వాన నీలిమందు కలుపుకుని కురుస్తుందా?"

ఆయన ఆమె వేలు చూశాడు. నీలిమందు సంగతి ఆయన లెక్కలో లేదు. అడిగింది ఒక్కటే.

"ఎవరితోనన్నా అన్నావా?"

ఎప్పుడు చూశావని అడగలేదు. అది పొరపాటున జరిగిందని బుకాయించలేదు. టైలరమ్మ గోడకి ఆనుకోబోయి, తడి గుర్తొచ్చి, ఆగింది.

"తెలిసే పెట్టారన్నమాట."

"నువ్వు మర్చిపోయావు గానీ నేను మర్చిపోలేదు" అన్నాడాయన, గొంతు పెంచకుండా. "మన నీళ్ళు దగ్గరదారిన వీధి కాలవలోకి పోవాలంటే ఆయన గోడ మీదుగా నాలుగడుగులు పైపు వెయ్యాలి. అడిగాను. అన్నా అన్నా అని అడిగాను. వీధిలో నిలబెట్టి ఏమన్నాడు? మీ ఒళ్ళు కడుక్కున్న నీళ్ళు నా గోడ మీదుగా పోవడానికి వీల్లేదన్నాడు. అందరూ వింటున్నారు. నువ్వూ విన్నావు."

"విన్నాను."

"గోడ మీదుగా వద్దన్నాడు కదా, గోడ పక్కనుంచి పొమ్మన్నాను. వెనకపైపు జనం చూడటానికి పెట్టా. పైన మూత బిగించేసి ఉంటుంది."

"మరి మన గోడ?"

"వాలు అటే ఉంది. కొలిచి చూసే పెట్టాను. నీళ్ళు ఆయన పునాది వైపే పోవాలి." ఆయన ముఖంలో ఒక్క క్షణం పనివాడి విసుగు కనబడింది, కొలత తప్పినందుకు. "ఇటు ఎలా తిరిగాయో నాకూ అర్థం కాలేదు."

"అర్థం కానప్పుడు తీసెయ్యొచ్చుగా?"

"అప్పటికే ఆయన గోడ పెచ్చులూడటం మొదలైంది." ఆయన తల తిప్పుకున్నాడు. "రంగు వేయించాడు. మళ్ళీ ఊడింది. డిపోకి వెళ్తూ ఆ గోడ చూసుకుని గొణుక్కుంటూ పోయేవాడు. ఇంకొన్నాళ్ళు చూద్దాంలే అనుకున్నా."

టైలరమ్మ ఆయన ఎదుట నేల మీద కూర్చుంది.

"ఆదివారం ఆదివారం నేను మూతికి గుడ్డ కట్టుకుని ఆ గోడ తోముతుంటే చూశారు. కోట్లు వెనక్కొచ్చిన రోజు నేను ఏడుస్తుంటే చూశారు. ఆస్పత్రివాళ్ళు ఇంకొక్కసారి మచ్చ పడితే పని ఇంకొకళ్ళకి ఇస్తామంటే, వాళ్ళ గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడితే చూశారు. అప్పుడంతా నువ్వేం చేశావు?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ఆయన్ని నువ్వనడం అదే మొదలు. ఇద్దరికీ తెలిసింది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

"బకెట్టు అందించాను కదా" అన్నాడాయన.

వెటకారానికి అనలేదు. నిజంగానే అన్నాడు. అందించాడు కూడా. ప్రతి ఆదివారం మురికినీళ్ళ బకెట్టు ఎత్తుకెళ్ళి పైన స్నానాలగదిలో పారబోసి వచ్చేవాడు. గోడ కడిగిన నీళ్ళు ఆ గోడలోకే మళ్ళీ పోయేవి.

ఆమె ఇక గోడ గురించి మాట్లాడలేదు.

"అక్క సంగతేమిటి?" అంది.

అక్క అంటే తోడికోడలు, టైమ్‌కీపరు భార్య. పెళ్ళయి వచ్చిన కొత్తలో గుండీ కుట్టడం కూడా రాని పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని మిషన్ ఎక్కించింది ఆవిడే. కాజాలు కుట్టడం నేర్పింది, తప్పు కుడితే నెత్తి మీద మొట్టింది, మొట్టి తనే నిమిరింది. గోడలు లేచాక ఇద్దరి మధ్యా మాటలు నిలిచిపోయాయి. మగవాళ్ళు చూసుకోకపోతే ఆడవాళ్ళు ఎలా చూసుకుంటారు? రెండు గోడల అవతలనుంచి ఒకళ్ళ చప్పుళ్ళు ఒకళ్ళకి వినిపించడమే మిగిలింది. ఇటునుంచి అటు మిషన్ చప్పుడు వెళ్ళేది. అటునుంచి ఇటు పోయిన వానాకాలం నుంచీ దగ్గు వస్తోంది. పొడిదగ్గు కాదు. ఈలేస్తూ లోపలికి లాగే దగ్గు.

"ఆ దగ్గు మీకు వినపడదా?"

"వినపడుతుంది. ఆవిడ మంచం ఆ గోడకి ఆనించి వెయ్యమని నేను చెప్పానా?"

అనేశాక ఆయనకే ఆ మాట కాస్త ఎక్కువైనట్టు అనిపించింది. లేచి, మంచం కిందినుంచి సంచీ లాగి, పైపులు కోసే రంపం తీశాడు.

"సరే, అయిందేదో అయింది. ఇప్పుడే వెళ్ళి కోసేస్తాను. అసలు పైపుకి కలిపేస్తాను, నిజంగానే వెనకనుంచి పోతాయి నీళ్ళు. నువ్వన్నదే చేస్తున్నానుగా? ఇక తడి ఉండదు, బూజు ఉండదు. నీ కోట్లు నువ్వు హాయిగా కుట్టుకో."

"బావగారికీ అక్కకీ ఏం చెబుతాం?"

"ఏం చెప్పాలి? వాన పడింది, గోడ తడిసింది. వానని ఎవరు నిలదీస్తారు?" గుమ్మం దగ్గర ఆగాడు. "ఆయన డ్యూటీనుంచి వచ్చే వేళయింది. రంపం చప్పుడు సందులో మోగుతుంది. నువ్వు మిషన్ తొక్కుతూ ఉండు. నేను దిగి వచ్చేదాకా ఆపకు."

"తొక్కకపోతే?"

"తొక్కకపోతే అన్నకి తెలుస్తుంది. తెలిస్తే ఆయన ఊరుకునే రకమా? కోర్టుకి లాగుతాడు. ఈ గది పోతుంది. అప్పుడెక్కడ కుడతావు, బస్టాండులోనా?" కాస్త మెత్తబడి, "తొక్కవే. నీ కోసమే కదా" అంటూ మెట్లెక్కాడు.

టైలరమ్మ మిషన్ ముందు కూర్చుంది. ఒక పాత గుడ్డముక్క సూది కింద పెట్టింది. పాదాలు తొక్కుడుపలక మీద ఆనించింది. ఊరికే చప్పుడు చెయ్యడానికి మిషన్ తొక్కడం ఆమెకి అలవాటు లేదు. ఎక్కడికో చేరాలని నడవడం వేరు, ఎవరో చూస్తారని నడుస్తున్నట్టు నటించడం వేరు.

పైన స్నానాలగది తలుపు కిర్రుమంది. కాసేపటికి రంపం మొదలైంది. ఆయన చెప్పింది నిజమే. సందు ఆ చప్పుడుని పట్టుకుని గోడ పొడవునా కిందిదాకా మోసుకొచ్చింది. చెవి పక్కనే కోస్తున్నట్టు ఉంది.

ఆమె తొక్కింది. సూది గుడ్డ మీద పరిగెత్తింది. రంపం చప్పుడు మునిగిపోయింది. ఎంత తేలిక! ఇలా ఇంకాసేపు తొక్కితే చాలు, అంతా సర్దుకుంటుంది. గోడ ఆరుతుంది. కోట్లు తెల్లగా ఉంటాయి. ఆస్పత్రి పని నిలబడుతుంది. బావగారు తన ఖర్మ అనుకుని గోడ బాగు చేయించుకుంటాడు. అక్క...

అక్క అనే మాట దగ్గర పాదం ఆగింది. మిషన్ చప్పుడు వింటూ అక్క అవతల పడుకుని ఉంటుంది. చప్పుడుని బట్టే ఆవిడ చెప్పగలదు ఏం కుడుతున్నానో, కాలర్లా, చేతులా, అంచులా. ఈ చప్పుడులో ఏ కుట్టూ లేదని కూడా ఆవిడకి తెలిసిపోతుందేమో.

టైలరమ్మ గుడ్డ తీసి పక్కన పెట్టింది. చెప్పులేసుకుని వీధిలోకి నడిచింది.

పక్కపక్క గుమ్మాలే. గోడలు లేచినప్పటినుంచీ ఆ గుమ్మం తొక్కలేదు. తలుపు దగ్గరికి వేసి ఉంది. తోసుకుని లోపలికి వెళ్ళింది.

ముందుగా వాసన తగిలింది. తన ఇంటి వాసనే. మట్టీ, తడిసిన కాగితాలూ కలిసిన ఆ వాసన ఆమెకి నిద్రలో కూడా తెలుసు. గోడ నిండా ఆకుపచ్చరంగు ప్లాస్టిక్ పట్టా మేకులేసి బిగించి ఉంది. పట్టా వెనక తడి చుక్కలు చుక్కలుగా పేరుకుని కనబడుతోంది. ఆ పట్టాకి ఆనించి మంచం. మంచం మీద అక్క, మూడు దిండ్లు వీపున పెట్టుకుని, సగం కూర్చుని సగం పడుకుని.

"మిషన్ ఆగిందేమిటా అనుకుంటున్నా" అంది అక్క. ఇన్నాళ్ళ తర్వాత మొదటి మాట అదే, నిన్న రాత్రి ఆగిన కబురు అందుకున్నట్టు. "అయినా ఏం కుడుతున్నావే అది? తలాతోకా లేకుండా?"

"ఏమీ కుట్టడం లేదక్కా."

"అలా నిలబడ్డావేం? పీట లాక్కో. నేను లేవలేను, లేస్తే ఇక దగ్గే."

టైలరమ్మ పీట లాక్కోలేదు. అక్క చెయ్యి పట్టుకుంది. మొట్టి నిమిరిన చెయ్యి. గోళ్ళ దగ్గర రంగు మారి ఉంది.

"డాక్టరు ఏమన్నాడక్కా?"

"గది మారమన్నాడు. ఈ బూజు గాలి పీలిస్తే మందులు పనిచెయ్యవట." అక్క ఊపిరి కూడదీసుకుంది. "వెనకగదిలోకి మారతానంటే మీ బావగారు ఒప్పుకోలా. వాడి గోడకి భయపడి గది వదిలేస్తామా, వాడు నవ్వుకోడూ అన్నారు. నేను దగ్గితే నష్టం లేదుట. వాడు నవ్వకూడదుట."

చెప్పి అక్క నవ్వబోయింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగేదాకా టైలరమ్మ వీపు రాస్తూ నిలబడింది. ఎముకలు చేతికి తగిలాయి.

దగ్గు ఆగాక రంపం చప్పుడు వినబడింది. గర్, గర్ మని, పట్టా వెనకనుంచి.

"ఏమిటే అది?"

"పైపు కోస్తున్నారు."

"ఏం పైపు?"

చెప్పదలుచుకుంటే ఎన్నో రకాలుగా చెప్పొచ్చు. దారిలో వస్తూ ఆమె కొన్ని అనుకుంది కూడా. ఒక్కటీ నోటికి రాలేదు.

"ఈ గోడలో తడి వానది కాదక్కా. మాది. మా స్నానాలగది పైపు సందులోకి తిరిగి ఉంది. నేనూ ఇవాళే చూశాను. నన్ను నమ్ము, ఇవాళే చూశాను."

అక్క ఆమె చెయ్యి వదల్లేదు. కళ్ళు పట్టా వైపు తిరిగాయి, మళ్ళీ ఆమె వైపు వచ్చాయి.

"తెలియక పెట్టాడా?" అని అడిగింది. ఆ అడగడంలో, తెలియకే అని చెప్పవే, అన్న బతిమాలుడు ఉంది. "మరిది చిన్నప్పుడు నా చేతి అన్నం తిన్నాడే. తెలియకే అయ్యుంటుంది."

తెలియకే అంటే చాలు. ఆ ఒక్క మాటతో అక్క ప్రాణం కుదుటపడుతుంది, అన్నదమ్ముల మధ్య ఇంకాస్త దూరమే తప్ప ఇంకేమీ రాదు, తన గది ఉంటుంది, తన మిషన్ ఉంటుంది. టైలరమ్మ నోరు తెరిచింది. చేతిలో అక్క వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"తెలిసే పెట్టారక్కా. కొలిచి, వాలు చూసి పెట్టారు. నీ దగ్గు కూడా విన్నారు."

గుమ్మం దగ్గర ఏదో ఠంగుమంది. టైలరమ్మ వెనక్కి తిరిగింది.

టైమ్‌కీపరు నిలబడి ఉన్నాడు. డ్యూటీ చొక్కా ఇంకా విప్పలేదు. ఖాళీ క్యారేజీ కాళ్ళ దగ్గర దొర్లుతోంది. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో అడగాల్సిన పని లేదు, ముఖమే చెబుతోంది. ఆయన ముందు మరదలి వైపు చూశాడు, తర్వాత మంచం వైపు, ఆ మంచాన్ని గోడకి ఆనించి వేసిన తన చేతుల వైపు. పట్టా వెనక రంపం కోసుకుపోతూనే ఉంది.

"బావగారూ..." అంది టైలరమ్మ.

ఆయన తలుపు వెనక మూలన నిలబెట్టి ఉన్న గునపం చేతికి తీసుకుని, డాబా మెట్ల వైపు వెళ్ళిపోయాడు. అటువైపు డాబా, ఇటువైపు డాబా. మధ్యలో రెండు పిట్టగోడలూ, జానెడు సందూ. ఆ సందులోకి తల వంచి ఉన్న మనిషికి అవతలి డాబా మీదికి ఎవరొచ్చారో కనబడదు.

టైలరమ్మ చెయ్యి విడిపించుకోబోయింది. అక్క పట్టు ఇంకా బిగిసింది. అంత బలం ఆ చేతిలో ఎక్కడిదో.

"ఉండవే" అంది అక్క. "వాళ్ళ గోడల సంగతి వాళ్ళు చూసుకుంటారు. ఇన్నాళ్ళూ మనల్ని అడిగి కట్టారా? నువ్వు ముందు ఆ కిటికీ తెరువు. నాకు గాలి కావాలి."

"అక్కా, పైన..."

"కిటికీ తెరువు."

టైలరమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళి రెక్క లాగింది. రాలేదు. రెక్కకీ చట్రానికీ కలిపి మేకులు కొట్టేసి ఉన్నాయి, తమ్ముడి గుమ్మం కంట పడకుండా. ఆమె రెండు చేతులతో పట్టి, గోడకి కాలు తన్నిపెట్టి లాగింది. మేకు కాస్త కదిలింది.

మెట్లెక్కిన బావగారి చెప్పుల చప్పుడు పైన ఆగింది. ఆ వెంటనే రంపం చప్పుడు కూడా ఆగిపోయింది.